ఒక్కడే పడవ కడుతుంటే బరువులు ఎత్తేదెలా?

మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ. అమలాపురం దగ్గర కొబ్బరి తోటలో రేకుల షెడ్డు వేసుకుని 22 అడుగుల ప్లైవుడ్ పడవ కడుతున్నారు. అడుగు, పక్కలు, ఫైబర్ పూత అయిపోయాయి, పడవ ఇంకా బోర్లా ఉంది. దాన్ని వెల్లకిలా తిప్పాలి. తర్వాత గేరుబాక్సుతో కలిపి 200 కిలోల డీజిల్ ఇంజను లోపల కూర్చోబెట్టాలి. చివరికి కాలవ దాకా చేర్చాలి. తోటలోకి దారి సన్నం, క్రేన్ రాదు. రోజూ పనిలో మీరొక్కరే. ఊళ్లో వాళ్లు "పదిహేను మందిని పిలిచి ఒక్క ఊపులో తిప్పేయ్" అంటున్నారు, అది మంచిదేనా అని కూడా అడిగారు.

ముందు ఆ చివరి ప్రశ్నకు. మంచిది కాదు. పదిహేను మంది ఎత్తితే బరువు పదిహేను సమాన వాటాలు కాదు. నేల ఎగుడుదిగుడుగా ఉన్న చోట ముగ్గురి మీదే పడుతుంది, మిగతావాళ్లు చెయ్యి ఆనించి ఉంటారంతే. ఆ ముగ్గురిలో ఒకరి కాలు జారితే తక్కినవాళ్లకు తెలిసేలోపే పడవ అంచు ఎవరి పాదం మీదో ఉంటుంది. పైగా "ఎత్తు, ఎత్తు" అనే గోలలో "ఆపు" అన్న మాట ఎవరికీ వినపడదు. ఫైబర్ బోట్ల యార్డులో చాలాకాలం పనిచేసి, తర్వాత సొంతంగా చిన్న పడవలు కట్టినవాడిగా చెబుతున్నా. జనం ఎత్తిన పడవల కంటే ఒక్కడు నిదానంగా ఎత్తిన పడవలే దెబ్బ తగలకుండా పూర్తవుతాయి. ఒక్కడే ఉన్నప్పుడు కండబలం మీద ఆశ ఉండదు కాబట్టి బుర్ర పనిచేస్తుంది.

ఒంటరిగా బరువులెత్తే పనికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. ఈ క్షణంలో చేతిలో ఉన్నది వదిలేసి పక్కకు తప్పుకుంటే ఏమవుతుంది? "ఏమీ కాదు, అలాగే ఉంటుంది" అన్నది జవాబైతే ఆ పద్ధతి పనికొస్తుంది. "పడిపోతుంది" అయితే పనికిరాదు, ఎంత తేలికగా లేచినా సరే. దోమ కుడుతుంది, తుమ్ము వస్తుంది, చెమటకు తాడు జారుతుంది. పక్కన పట్టుకునేవాడు లేడు కాబట్టి వీటన్నిటికీ ముందే చోటివ్వాలి. ఈ లెక్కన మామూలు గిరకా తాడూ పరీక్ష తప్పుతాయి, ఎందుకంటే తాడు వదిలితే బరువు దిగిపోతుంది. చైన్ పుల్లీ బ్లాకు నెగ్గుతుంది. అందులో బరువు వల్లే బిగుసుకునే బ్రేకు ఉంటుంది, చేతి గొలుసు వదిలేసినా కొక్కెం ఎక్కడిదక్కడే ఆగుతుంది. బాటిల్ జాకీ కాసేపు నెగ్గుతుంది, తెల్లారేసరికి మాత్రం నూనె కారి కొంచెం దిగి ఉండొచ్చు. మర జాకీ అలా దిగదు. కింద పేర్చిన చెక్క దిమ్మలు ఎప్పుడూ నెగ్గుతాయి. కాబట్టి ఏది ఎత్తినా చివరికి దిమ్మల మీదకే రావాలి. ట్రైలర్లకు పెట్టే చేతి వించిల్లో బ్రేకు లేకుండా పళ్లచక్రం మాత్రమే ఉన్న రకం ఒకటుంది. దాని ఆపు తీసిన క్షణం హ్యాండిల్ గిర్రున తిరిగి మణికట్టు విరగ్గొడుతుంది. అది కొనకండి.

ఇక బరువెంతో తెలియకుండా ఏదీ మొదలుపెట్టకూడదు. మెరైన్ ప్లై, అంటే ఐఎస్ 710 రకం, 12 ఎం.ఎం. మందం 8×4 షీటు ఒకటి సుమారు 25 కిలోలుంటుంది. మీరు ఎన్ని షీట్లు వాడారో, ఎంత రెజిన్ కొన్నారో బిల్లులు చూస్తే అంచనా వస్తుంది, కానీ తూచి చూడటమే మేలు. ఇంట్లో మనుషులు బరువు చూసుకునే మిషను చాలు. పడవ ముక్కును జాకీతో రెండంగుళాలు లేపి, దాని కింద అడ్డంగా ఒక గట్టి పలక పెట్టండి. పలక ఒక కొన దిమ్మ మీద, రెండో కొన మిషను మీద. పడవ సరిగ్గా పలక మధ్యలో ఆనితే మిషను సగం బరువే చూపిస్తుంది. దిమ్మ వైపు నుంచి మూడో వంతు దూరంలో ఆనితే మూడో వంతే చూపిస్తుంది. ఇలాగైతే 150 కిలోల మిషనుతో 300, 400 కిలోలు కూడా తూచొచ్చు. పలక బరువును విడిగా చూసి తీసేయండి. ముందు కొన ఒకసారి, వెనక కొన ఒకసారి తూచితే మొత్తం బరువుతో పాటు అసలు కావలసింది, అంటే బరువు కేంద్రం ఎక్కడుందో కూడా తెలిసిపోతుంది. ఉదాహరణకు రెండు ఆనికల మధ్య దూరం 16 అడుగులు, ముందు 180, వెనక 270 కిలోలు వచ్చాయనుకోండి. మొత్తం 450. 16ను 270తో గుణించి 450తో భాగిస్తే 9.6. అంటే ముందు ఆనిక నుంచి తొమ్మిదిన్నర అడుగుల పైచిలుకు దూరంలో పడవ తూగుతుంది. అక్కడ చాక్‌పీసుతో కాదు, పెయింటుతో గీత గీయండి. ఆ గీత చివరిదాకా పనికొస్తుంది.

ఎత్తడంలో మొదటి మాట, రెండు కొనలూ ఒకేసారి ఎత్తొద్దు. ఒక కొన ఎత్తితే చేతికి వచ్చేది సుమారు సగం బరువే, రెండో సగాన్ని నేల మోస్తుంది. 18 అడుగుల మద్ది దూలం, 6×4 సైజుది, 70 కిలోల పైనే ఉంటుంది. అలాంటిదాన్ని భుజాన వేసుకునే బదులు ఒక కొన లేపి దిమ్మ పెట్టి, అవతలికెళ్లి రెండో కొన లేపి దిమ్మ పెట్టి, మళ్లీ ఇవతలికి వచ్చి, ఇలా నిచ్చెన మెట్లెక్కినట్టు ఎంత ఎత్తుకైనా తీసుకెళ్లొచ్చు. పడవకైనా ఇదే. ఎత్తని కొన కింద ఎడంగా రెండు దిమ్మలు, ఎత్తే కొన మధ్యలో ఒక జాకీ. మూడు ఆనికలుంటే ఒరగదు. నాలుగు ఆనికలు పెట్టి నాలుగూ సమంగా తెద్దామని తంటాలు పడొద్దు.

గునపంతో కూడా చాలా పని అవుతుంది. 5 అడుగుల గునపానికి కొన నుంచి 3 అంగుళాల దగ్గర ఆనిక పెడితే అవతల 57 అంగుళాలు మిగులుతుంది, అంటే పంతొమ్మిది రెట్లు. 30 కిలోలు మోపితే ఇటు 570 కిలోలు లేస్తాయి. అయితే చెయ్యి అడుగున్నర దిగితే పడవ అంగుళం లోపే లేస్తుంది. ఆ అంగుళం చాలు. లేచిన అంగుళంలోకి కాలితో ప్లై ముక్క తోసి గునపం వదిలేయండి. చెయ్యి లోపలికి పెట్టొద్దు, కాలితో గానీ కర్రతో గానీ తోయండి. ఇందుకోసం 4, 2, 1, అర అంగుళం మందాల్లో దిమ్మలూ ముక్కలూ ముందే కోసి, తట్టలో పోసి పక్కన పెట్టుకోవాలి. పని మధ్యలో ముక్క కోసం వెతుక్కోవడమే సగం ప్రమాదాలకు మూలం. దొంతర పేర్చేటప్పుడు ఒక వరస నిలువుగా, తర్వాతి వరస అడ్డంగా. దొంతర ఎత్తు దాని అడుగు వెడల్పుకు రెండింతలు దాటనివ్వను నేను. ఇటుకలు వాడొద్దు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. చెక్క ముందు చప్పుడు చేస్తుంది.

కోనసీమ నేల గురించి మీకు చెప్పక్కర్లేదు. వాన పడితే జాకీ పైకి లేవదు, కిందకి దిగుతుంది. జాకీ కింద రెండడుగుల పలక, దాని మీద చిన్న ఇనుప ప్లేటు తప్పనిసరి. జాకీ తల మీద కూడా చెక్కముక్క పెట్టండి. ఇనుము మీద ఇనుము జారినంత సులువుగా చెక్క జారదు.

జాకీకి చోటు దొరకని చోట నాకు బాగా ఇష్టమైన పనిముట్టు పాత ట్రాక్టర్ ట్యూబు. గాలి పీకేసిన ట్యూబును పడవ కింద దూర్చి కాలి పంపుతో నింపడమే. 1 పీఎస్ఐ ఒత్తిడి అంటే చదరపు అంగుళానికి ఒక పౌండు, చదరపు అడుగుకు 144 పౌండ్లు, సుమారు 65 కిలోలు. మూడు చదరపు అడుగుల మేర ఆనుకుంటే 2 పీఎస్ఐతోనే 390 కిలోలు లేస్తాయి. సైకిల్ టైరు కూడా నిలబడని ఆ కాస్త గాలికి పడవ లేస్తుంటే మొదటిసారి చూసేవాళ్లు నమ్మరు. ఫైబర్ పూతకు గీత కూడా పడదు. కానీ ట్యూబు మీద పడవ పక్కకు దొర్లగలదు, ట్యూబు ఎక్కడో గుచ్చుకోనూ గలదు. కాబట్టి "వదిలేస్తే ఏమవుతుంది" అన్న పరీక్షలో ఇది నెగ్గాలంటే అంగుళం అంగుళానికీ పక్కన దిమ్మలు వెంటపడుతూ రావాలి. అవసరమైన దానికంటే ఎక్కువ గాలి కొట్టొద్దు. టైరు లోపల లేని ట్యూబుకు ఒత్తిడి ఓర్చుకునే శక్తి తక్కువ.

ఇప్పుడు అసలు పని, తిప్పడం. ఎత్తి పక్కకు వాల్చి అవతలికి దించే పద్ధతి మీకు చెప్పను. పక్క అంచు మీద నిలబడ్డ పడవ ఎటు పడాలో అదే నిర్ణయించుకుంటుంది. మీ పడవ బరువుకు, ఒక్క మనిషికి ఇరుసు పద్ధతే సరైనది. వెనక పలకకు అడ్డంగా 4×3 దూలం బోల్టులతో బిగించి, దాని మధ్యలో రెండంగుళాల మందపాటి పైపు ముక్క తన్నుకొచ్చేలా పెట్టండి. ముక్కు దగ్గర కూడా అలాగే ఒక బ్రాకెట్, ఒక పైపు. రెండు పైపులూ ఒకే గీతలో ఉండాలి, దారం లాగి చూసుకోండి. పడవ వెడల్పు 7 అడుగులన్నారు, కాబట్టి ఇరుసు నేల నుంచి కనీసం 4 అడుగుల ఎత్తుండాలి. ఆ ఎత్తున పైన గాడి ఉన్న రెండు గట్టి స్టాండ్లు చేసి, ఒక్కో కొననూ దొంతరల మీద లేపుకుంటూ పైపులను గాడుల్లో కూర్చోబెట్టండి. గాడి మీద అడ్డ ముక్క వేసి బోల్టు బిగించండి, ఎగిరి బయటకు రాకుండా. మోల్డు నుంచి, అంటే పడవ కట్టిన అచ్చు చట్రం నుంచి, పడవను ముందే విడదీసి ఉండాలన్నది వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇరుసు బరువు కేంద్రం గుండా పోతే 450 కిలోల పడవ ఒక్క చేత్తో తిరుగుతుంది. పోకపోతేనే తంటా. డెక్కు లేని పడవలో బరువంతా అడుగులో ఉంటుంది, అందుకని కేంద్రం లోతులో సగం కంటే బాగా అడుగు వైపే ఉంటుంది. ఇరుసును లోతుకు మధ్యలో పెట్టేశారనుకోండి. బోర్లా ఉన్నప్పుడు అడుగు పైన ఉంటుంది కదా, కేంద్రం ఇరుసుకి పైన పడుతుంది. దిమ్మలు తీసిన క్షణం పడవ తనంతట తాను గిర్రున తిరిగి వెల్లకిలా పడి ఊగుతుంది. ఇరుసును మరీ అడుగుకు దగ్గరగా పెడితే ఉల్టా. బోర్లా ఉన్నప్పుడు నిలకడగా ఉంటుంది, కష్టపడి తిప్పాక వెల్లకిలా నిలవకుండా వెనక్కి తిరగాలని చూస్తుంది. అందుకని వెనక దూలానికి ఒకే రంధ్రం కాకుండా అంగుళంన్నర ఎడంతో నాలుగైదు రంధ్రాలు పెట్టండి, ముక్కు బ్రాకెట్‌కూ అంతే. కింద దిమ్మలు రెండంగుళాల సందుతో ఉంచి, అంచు పట్టుకుని కొంచెం ఊపి చూడండి. ఏ వైపు వంచితే ఆ వైపు అలాగే ఆగిందంటే ఇరుసు సరైన చోట ఉంది. ఇంకా వంగిపోతోందంటే ఇరుసును అడుగు వైపు ఒక రంధ్రం జరపాలి. తిరిగి వచ్చేస్తోందంటే అంచు వైపు ఒక రంధ్రం. రంధ్రాల మధ్య మిగిలిన తేడాను ఇసుక బస్తాలతో సరిచేయండి. పడవ లోపలి అంచుకు గట్టిగా కట్టిన బస్తా కేంద్రాన్ని అటు లాగుతుంది. ఇదంతా చేయడానికి ఒక పూట పడుతుంది. తిప్పడానికి అరగంట కూడా పట్టదు.

అయినా తిప్పేటప్పుడు ఖాళీ చేతులతో వద్దు. పడవ రెండు అంచులకూ చెరొక తాడు కట్టి, ఒకటి ఇటు కొబ్బరి చెట్టు మొదలుకి, ఒకటి అటు చెట్టు మొదలుకి మూడేసి చుట్లు చుట్టండి. మోకు మూడు చుట్లు చుడితే ఇవతల కొనను కిలో బలంతో పట్టుకున్నా అవతల వంద కిలోల పైమాటే ఆగుతుంది. రేవులో పడవలు కట్టేవాళ్లు చేసేది ఇదే. ఒక వైపు జానెడు వదలడం, అటువెళ్లి రెండో వైపు జానెడు లాగి ముడి వేయడం. తిరగడం మొదలైన దగ్గర్నుంచి ప్రతి జానెడుకూ రెండు వైపులా ముడి పడి ఉండాలి. అటూ ఇటూ నడవడం విసుగే, కానీ వదిలేస్తే పరీక్షలో నెగ్గేది ఇదొక్కటే. ఈ ఒక్క పూట మాత్రం ఇంట్లోవాళ్లనో పక్క తోట ఆయన్నో దూరంగా కుర్చీ వేసి కూర్చోబెట్టండి. చెయ్యి వేయడానికి కాదు. మీకేదైనా అయితే ఫోన్ చేయడానికి.

తాళ్ల గురించి ఇక్కడే చెప్పేస్తా. వలల దుకాణాల్లో దొరికే నీలం, పచ్చ ప్లాస్టిక్ తాళ్లు ఎండకు పెళుసవుతాయి, ముడి కూడా జారుతుంది. నైలాన్ గట్టిదే కానీ బాగా సాగుతుంది. సాగిన తాడు తెగితే కొరడాలా కొడుతుంది, దాని వరసలో నిలబడొద్దు. పట్టుకుని ఉంచడానికి తాడు, ఎత్తడానికి స్లింగ్ బెల్టు, ఇదీ నా పంపకం. బెల్టుల రంగుల్లోనే సామర్థ్యం ఉంటుంది. ఊదా రంగు 1 టన్ను, ఆకుపచ్చ 2, పసుపు 3. మీకు ఊదా రంగువి రెండు చాలు. పదునైన అంచు మీద పోతే గోనెపట్టా మడిచి పెట్టండి. ఒకే కొక్కెం నుంచి రెండు బెల్టులు దిగేటప్పుడు అవి ఎంత నిటారుగా ఉంటే అంత మంచిది. నేలకు 60 డిగ్రీల వాలులో ఉంటే 200 కిలోల బరువుకు ఒక్కో బెల్టు మీద 115 కిలోలు పడుతుంది. 30 డిగ్రీలకు పడుకుంటే ఒక్కోదాని మీదా 200 పడుతుంది. అంటే రెండు బెల్టులున్నా ఒక్కటున్నట్టే, పైగా ఆ వాలు ఇంజను మీది కొక్కేలను లోపలికి నొక్కేస్తుంది.

ఇంజను విషయానికి వస్తే, షెడ్డు మీద అడ్డంగా సెంట్రింగ్ పైపు వేసి దానికి చైన్ బ్లాక్ తగిలిస్తానన్నారు. దయచేసి వద్దు. మామూలు సెంట్రింగ్ పైపు, 48 ఎం.ఎం. వెడల్పు, 3.2 ఎం.ఎం. మందం ఉన్నది, 10 అడుగుల ఎడంలో మధ్యన 150 కిలోలు వేలాడదీస్తేనే శాశ్వతంగా వంగిపోయే హద్దుకు వస్తుంది. మీ ఇంజను 200. రెండు పైపులు కలిపి కట్టినా మిగులు చాలదు. అదే 4 అంగుళాల ఐ గర్డరు 10 అడుగుల ముక్క అర టన్నుకైనా ఉలకదు, దాని సొంత బరువు మాత్రం 30 కిలోల చిల్లర. పాత ఇనుము షాపుల్లో దొరుకుతుంది, పని అయ్యాక మళ్లీ వాళ్లకే అమ్మేయొచ్చు. షెడ్డు రేకుల కింద వాసాలను మాత్రం ఏ బరువుకీ నమ్మొద్దు, అవి రేకులు మోయడానికి వేసినవి.

గర్డరును మోయడానికి నాలుగైదంగుళాల లావు సరుగుడు బాదులతో ఇంగ్లీషు A ఆకారపు కాళ్లు రెండు జతలు చేయండి. పైన రెండు బాదులూ దాటే చోట అర అంగుళం బోల్టు, దాని మీద తాడు చుట్టలు, ఆ కత్తెరలో గర్డరు కూర్చుంటుంది. కింద కాళ్లు విచ్చుకోకుండా ఒకదానికొకటి గొలుసుతో కట్టాలి. ఇది మరిచిపోతే మిగతాదంతా వృథా. బోరు మోటార్లు పైకి తీసేవాళ్ల మూడు కాళ్ల స్టాండు గమనించారా? కాళ్ల మధ్య గొలుసు లేకుండా వాళ్లు చైన్ బ్లాక్ తగిలించరు. ఒక్కో కాళ్ల జతను నిలబెట్టేటప్పుడు పాదాలకు ఎదురుగా నేలలో గునపాలు దిగగొడితే పాదం జారదు. నాలుగు దిక్కులకూ ఆపు తాళ్లు ముందే కట్టి ఉంచుకోండి, నిలబడ్డాక కట్టబోతే చేతులు చాలవు. కాళ్లకు రెండడుగులకొక అడ్డపట్టీ బోల్టుతో బిగిస్తే గర్డరు ఎక్కించడం కూడా ఒక్కడి పనే. ఒక కొన మొదటి పట్టీ మీద, తర్వాత రెండో కొన మొదటి పట్టీ మీద, అలా పైదాకా. ఒక్కసారికి చేతిలో ఉండేది పదిహేను కిలోల చిల్లరే.

ఎత్తు ఎంతుండాలో కాగితం మీద కూడి చూసుకోండి. చక్రాల తొట్టె, అంటే పడవను కూర్చోబెట్టే చట్రం, మీద పడవ వెనక పలక పైఅంచు 4 అడుగులు, ఇంజను ఎత్తు రెండున్నర, బెల్టులూ చైన్ బ్లాకూ కలిపి కనీసం రెండు. ఎనిమిదిన్నర అయింది, కాబట్టి గర్డరు 9 అడుగుల మీదే ఉండాలి. షెడ్డులో అంత ఎత్తు లేకపోతే బయట ఆరుబయటే పెట్టండి, అదే మంచిది కూడా.

ఇంజనును పైకెత్తి పక్కకు జరిపి పడవలోకి దించాలని చాలామంది చూస్తారు. వేలాడే బరువును పక్కకు లాగితే ఊగుతుంది, కాళ్లు ఒరుగుతాయి. ఇంజనును కదపొద్దు, పడవను కదపండి. గర్డరు మధ్య కింద ఇంజనును పెట్టి నిట్టనిలువుగా పైకి లేపండి. పడవను తొట్టెతో సహా వెనకవైపు నుంచి ఇంజను కిందకి తోసుకురండి. చదును పలకల మీద ఇనుప చక్రాలుంటే 450 కిలోల పడవ గునపం మొనతో చక్రం వెనక మీటితే కదులుతుంది. చక్రాల ముందూ వెనకా చెక్క చీలికలు పడ్డాక, ఇంజను బెడ్డు మీద పెయింటు గుర్తు ఇంజను కాళ్ల కిందకి వచ్చాక, గొలుసు ఒక్కో లింకు వదులుతూ దించండి. బోల్టు రంధ్రాలు కలవడం కోసం వేలు పెట్టి తడమొద్దు. మొన చెక్కిన ఇనుప కడ్డీ రంధ్రంలో పెట్టి సరిచేసుకోండి. ఇంజను గాల్లో ఉన్నంతసేపూ పడవలోకి దిగకండి. చైన్ బ్లాక్ ఎంత మంచిదైనా, దాని కింద మనిషి ఉండకూడదు.

చైన్ బ్లాక్ 1 టన్నుది అద్దెకు తెచ్చుకోండి. తెచ్చిన వెంటనే కొక్కెం నోరు తెరుచుకుందా, గేటు పనిచేస్తోందా చూడండి. తర్వాత ఇసుక బస్తాలు నాలుగు కట్టి అడుగు లేపి కాసేపు వదిలేయండి. గొలుసు మీద చాక్‌పీసు గుర్తు కదిలితే తిరిగి ఇచ్చేయండి.

కొబ్బరి చెట్లున్నాయి కదా, వాటికే కట్టేస్తే సరిపోదా అని మీ మనసులో ఉండే ఉంటుంది. ఆపు తాళ్లకూ, లాగే తాళ్లకూ సరిపోతాయి, కానీ మోకాలి కంటే కిందే కట్టాలి. కొబ్బరికి తల్లివేరు ఉండదు, పీచు వేళ్లే. పైన కట్టి పక్కకు లాగితే చెట్టంతా గునపంలా పనిచేసి మొదలు కదులుతుంది. రెండు చెట్లను కలిపి కట్టుకోవడం ఇంకా మంచిది. మేకులు కొట్టొద్దు, తాడు కింద గోనె పెట్టండి. మామిడికి దెబ్బ తగిలితే బెరడు పూడుతుంది, కొబ్బరి మానుకు తగిలిన గాయం పూడదు. ఆ గాయం వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది. పడవ కోసం చెట్టు పోగొట్టుకోవడం మీ ఇంట్లోవాళ్లు ఒప్పుకునే బేరం కాదు. చెట్టు లేని దిక్కున మూడడుగుల గొయ్యి తీసి దుంగను అడ్డంగా పడుకోబెట్టి, దాని నడుముకు తాడు కట్టి పూడ్చేస్తే చెట్టు కంటే గట్టిగా పట్టుకుంటుంది.

బరువును కదపడంలో తాడు, లంగరు, ఓపిక ఎంత దూరం తీసుకెళ్తాయో మన గోదావరి మీదే చూశాం. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును అక్టోబర్ 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం ఇనుప రోపులు, లంగర్లు, ఒడ్డున పొక్లెయిన్‌తో బయటికి లాగింది. కేరళ బేపూర్‌లో ఉరువు అనే పెద్ద చెక్క ఓడలను నీళ్లలోకి దించే ఖలాసీలది కూడా ఇదే విద్య, దుంగలు, కప్పీలు, మనుషులు తిప్పే చక్రం. 1988లో పెరుమణ్ దగ్గర అష్టముడి సరస్సులో పడిన రైలు పెట్టెలను తీయడానికి వాళ్లనే పిలిచారు. వాళ్లు జట్టుగా చేస్తారు నిజమే, కానీ జట్టులో అందరి కళ్లూ ఒక్క మేస్త్రీ మీదే ఉంటాయి. మీ దగ్గర ఆ మేస్త్రీ, జట్టు రెండూ మీరే.

కాలవ దాకా తీసుకెళ్లడం పై పనులతో పోలిస్తే సులువు. పలకలు రెండు వరసలు పరిచి వాటి మీద గుండ్రటి సరుగుడు దుంగలు, వాటి మీద తొట్టె. పీవీసీ పైపులు చవకని వాడొద్దు, పగులుతాయి. తొట్టెకు కనీసం నాలుగు దుంగలు ఎప్పుడూ కింద ఉండాలి. దుంగను కొంచెం వాలుగా పెడితే పడవ అటు తిరుగుతుంది, దారి మలుపుకు అదే స్టీరింగు. సుత్తితో దుంగ కొనను తట్టి తిప్పండి, చేత్తో కాదు. గట్టు దిగే చోట లాగే తాడుతో పని లేదు, వెనక ఆపే తాడుతోనే పని. చెట్టు మొదలుకు మూడు చుట్లు, జానెడు వదలడం, దుంగలకు చీలిక పెట్టడం, మళ్లీ జానెడు. పడవకూ నీళ్లకూ మధ్యలో మీరు నిలబడొద్దు, ఎప్పుడూ పక్కనే.

ఒక చిట్కా ఉంది, వీలైతే చూడండి. వేసవిలో డెల్టా కాలవలు కట్టేస్తారు కదా. అప్పుడు ఎండిన కాలవ అంచున, ఇరిగేషన్ వాళ్ల అనుమతి తీసుకుని, తొట్టె మీద పడవను దించి నాలుగు వైపులా తాళ్లతో కట్టేసి ఉంచితే, నీళ్లు వదిలిన రోజు పడవ తనంతట తానే లేస్తుంది. కిందికి వాలు దించే కష్టం సగం తగ్గుతుంది. అనుమతి లేకుండా మాత్రం పెట్టకండి, నీటి పారుదలకు అడ్డమని వాళ్లే తీయించేస్తారు. పైగా వదిలిన మొదటి నీళ్లు చెత్తతో, వడిగా వస్తాయి, తాళ్లు పొడుగ్గా ఉండాలి.

గర్డరు కొనేముందు మూడు కొలతలు రాయండి: తొట్టెతో కలిపి వెనక పలక ఎత్తు, బయట అంచు నుంచి అంచుకు పడవ వెడల్పు, ఇంజను పైన ఎత్తే కొక్కేలు ఒకటా రెండా అన్నది. కొక్కెం ఒకటే ఉండి గేరుబాక్సు వెనక వేలాడుతుంటే ఇంజను వాలుగా లేస్తుంది. దానికి అడ్డపట్టీ ఎలా చేయాలో ఆ కొలతలు చూశాక చెబుతాను.